ఏడింటి బండి

"ఇంక దీని పని అయిపోయింది చెల్లెమ్మా. ఇంజను పట్టేసింది," అన్నాడు మెకానిక్ చంద్రమౌళి, చేతుల మసి గుడ్డకు తుడుచుకుంటూ.

అబిగయీలు బండి హ్యాండిలు వదల్లేదు. "అట్లనొద్దన్నా! ఏదైనా సామాను మార్చి చూడు."

"సామాను యాడ దొరకతాది? ఈ మోడలు ఆపేసి పదేళ్ళయింది. మన కోట ఊళ్ళో ఇప్పుడందరూ కరెంటు బండ్లే. నేనిక్కడ ఈగలు తోలుకుంటా ఉండాను."

"సాయంత్రం ఏడింటికల్లా ఈ చప్పుడు మా వాకిట్లో వినపడాలన్నా. లేకపోతే మా అత్త అన్నం ముట్టదు. నీకు తెలుసు గదా."

చంద్రమౌళి తల దించుకున్నాడు. తెలియకేం, ఊరందరికీ తెలుసు. తెలియంది ఆ అత్త రెబెక్కమ్మ ఒక్కదానికే.

రెబెక్కమ్మకు షుగరు వచ్చి కళ్ళు పోయి నాలుగేళ్ళు. మొగుడు రెక్కలు ముక్కలు చేసుకుని సాగు చేసిన వరిచేనును, కొడుకు టైటస్ మాటమాత్రమైనా చెప్పకుండా తవ్వించి రొయ్యల గుంట చేశాడు. ఆ రోజు నుంచి తల్లీకొడుకులకు మాటల్లేవు. ఒకే ఇంట్లో, రెండేళ్ళు! వాడే ముందు పలకాలని ఆమె, అమ్మే పలకాలని వాడు. పంతమంటే అదీ. అయినా సరే, సాయంత్రం వాడి బండి డుగడుగలాడుతూ వచ్చి వాకిట్లో ఆగేదాకా ఆ మహాతల్లి ముద్ద నోట్లో పెట్టేది కాదు.

ఆర్నెల్ల కిందట ఆమె గుండె ఆపరేషనయి నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, గుంట దగ్గర మోటారు షాక్ కొట్టి టైటస్ పోయాడు. ఈ కబురు చెవిన పడితే ఆమె దక్కదన్నాడు డాక్టరు. పాస్టరు గారితో సహా అందరూ నోళ్ళు కట్టేసుకున్నారు.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం రెబెక్కమ్మ కంచం ముందు కూర్చుని, "ఇంకా బండి రాలేదే" అంది. అబిగయీలు గబగబా బయటికి పోయింది. మొగుడి బండిని చప్పుడు కాకుండా మలుపు దాకా తోసుకుపోయి, అక్కడ స్టార్టు చేసి, వాకిట్లోకి తెచ్చి ఆపింది. పెరటి వైపు నుంచి లోపలికొచ్చింది.

"వచ్చినాడులే. నువ్వూ కంచం తెచ్చుకోమ్మే. ఒక్కదాన్నే తినాలంటే నాకు మింగుడుపడదు," అంది అత్త.

అప్పటిదాకా మెతుకు సయించని అబిగయీలు, ఎక్కడ ఆమె తినకుండా లేస్తుందోనని పక్కన కూర్చుని తింది. అప్పటి నుంచీ రోజూ అదే తంతు. రోజు మొత్తం మీద అబిగయీలు సరిగ్గా తినేది ఆ ఒక్క పూటే. తల్లీకొడుకులకు మాటల్లేకపోవడమే మేలయింది, కొడుకు గొంతు వినపడలేదేమని ఆమె అడగదు. పాపిష్టి మేలు!

చంద్రమౌళే అబిగయీలును వెంటబెట్టుకుని కొత్త షోరూముకు పోయాడు. తను కుట్టే జాకెట్లు ఊళ్ళల్లో ఇచ్చి రావాలన్నా ఆమెకు ఏదో ఒక బండి కావాలి.

"పాత బండి ఎట్లున్నా తీసుకుంటాం అక్కా," అన్నాడు షోరూము కిషోర్ బాబు ఉత్సాహంగా. "మా బండి పక్కనుంచి పోయినా తెలీదు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా ఉండదు."

"చప్పుడు లేని బండి నేనేం చేసుకునేది తమ్ముడూ!"

కిషోర్ బాబు నవ్వబోయి, చంద్రమౌళి మొహం చూసి ఆగిపోయాడు. సంగతి విన్నాక గొంతు తగ్గించాడు.

"కొత్త బండి కొన్నాడని ఆమెకు చెప్పేస్తే పోలా?"

"అప్పుడు ఆయన వచ్చింది ఆమెకెట్ల తెలిసేది? చప్పుడు లేకపోతే గొంతన్నా వినపడాల గదా."

"అయితే నొక్కితే చప్పుడొచ్చే సౌండు బాక్సు పెడతా. కుర్రోళ్ళు సరదాకి పెట్టించుకుంటా ఉండారు. మీ బండి చప్పుడు ఎందులోనైనా రికార్డయి ఉందా?"

ఉంది. తూపిలిపాలెం బీచికి పోయినప్పుడు వెనక కూర్చుని ఆమె ఫోనులో తీసిన వీడియో. డుగడుగల మధ్య టైటస్ పగలబడి నవ్వుతున్నాడు.

"ఆ నవ్వు తీసెయ్ తమ్ముడూ," అంది అబిగయీలు, అటు తిరిగి కళ్ళొత్తుకుంటూ.

షోరూములో నొక్కి చూస్తే అచ్చం టైటస్ వచ్చినట్టే ఉంది. చంద్రమౌళి కూడా ఉలిక్కిపడ్డాడు. అబిగయీలు పాత బండి ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి చూడకుండా కొత్త బండి ఎక్కింది.

ఏడయింది. మలుపులో ఆగి బాక్సు మీట నొక్కింది. ఎర్ర లైటు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిషోర్ బాబుకు ఫోను చేసింది.

"అయ్యో, ఆ బాక్సుకు వేరేగా ఛార్జింగు పెట్టాలక్కా! చెప్పడం మర్చిపోయినా. రేపు పొద్దున్నే…"

రేపటి మాట ఎవరిక్కావాలి? అత్త ఈపాటికి షుగరు మాత్ర వేసుకుని ఉంటుంది. తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతుంది. ఎన్నాళ్ళని ఈ నాటకం? ఇవాళ చెప్పేస్తా, ఏమయితే అదవుతుంది అనుకుంది అబిగయీలు. ప్రభువా, ఆమెను కాపాడు అనుకుంటూ బండిని వాకిట్లోకి తెచ్చింది. అది పిల్లిలాగా వచ్చి ఆగింది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది.

వరండాలో రెబెక్కమ్మ రెండు కంచాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. అబిగయీలు ఈసారి పెరటి వైపు పోలేదు. నేరుగా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"అత్తా… ఆయన…"

రెబెక్కమ్మ చెయ్యి చాచి, తడుముకుంటూ కోడలి తల మీద పెట్టింది.

"బండి చప్పుడు వినపడిందిలే, ఇంక నువ్వు తినమ్మే."