మూడో రిపేరు

మిల్లింగ్ మిషన్ తలమీది మూత తీయగానే మెకానిక్‌కి జబ్బు దొరికిపోయింది. బెల్టు కప్పీ మీద ఉండాల్సిన మెట్టు వదిలి, వేగం పెంచే పక్క మెట్టెక్కి కూర్చుంది. ఉక్కు ముక్క మీద కట్టర్ అంత జోరుగా తిరిగితే మాడి నల్లబడక ఏమవుతుంది?

"బెల్టు మార్చారా?" అని అడిగాడు.

తాను ఆ మూతే ముట్టుకోలేదంది వర్క్‌షాపు ఆవిడ. రెండు వారాల కిందట కూడా ఇలాగే పిలిపించింది. అప్పుడు ముక్కల మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి, మిషనంతా గజగజ వణికింది. చూస్తే బల్లను పట్టి ఉంచే స్క్రూలు అరిగి వదులయ్యాయి. మార్చి బిగిస్తే దారికొచ్చింది.

ఆ మిషన్ ఆమె భర్తది. ఆయన పోయి ఐదేళ్లు. ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్న పనే ఇప్పుడామెకు జీవనాధారం. పంపుల కంపెనీకి విడిభాగాలు చేసిస్తుంది. ఇల్లు వర్క్‌షాపు వెనకే. "అమ్మా" అని ఆమె లోపలికి ఒక కేక వేస్తే, టీ గ్లాసులతో పెద్దావిడ వస్తుంది. వెళ్తూ వెళ్తూ, గోడమీది ఫోటోకి పట్టిన నూనె మసి తుడిచి వెళ్తుంది.

మెకానిక్‌కి నలభై రెండేళ్లు. చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యేసరికి అతని పెళ్లి మాట ఎత్తేవాళ్లే లేకుండా పోయారు. ఇక్కణ్ణుంచి ఫోనొస్తే మాత్రం చొక్కా మార్చుకుని మరీ బయల్దేరుతున్నాడు. రిపేరు పావుగంట, కబుర్లు గంట. ఏ ఊళ్లో ఏ మిషన్ ఎలా మొరాయించిందో అతను చెబుతుంటే, ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతుంది. పెద్దావిడేమో రెండోసారి టీ ఇచ్చి, వీళ్లకి పనీపాటా లేదని గొణుక్కుంటూ లోపలికి పోతుంది.

పది రోజులకు మూడో ఫోను. కట్టర్‌ని చల్లబరిచే నూనెనీళ్లు పడటం లేదట. అతను వెళ్లి గొట్టం విప్పాడు. లోపల గుడ్డ పేలిక ఒకటి, చక్కగా చుట్టి దూర్చి ఉంది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది దానంతటది వెళ్లి కూర్చోదు కదండీ. మీరొచ్చి వెళ్లాకే మళ్లీ ఏదో ఒకటవుతోంది. రేపు సరుకు అందకపోతే ఆ కంపెనీవాళ్లు ఇంకోచోటు చూసుకుంటారు."

ఇరవై ఏళ్ల పనిలో ఎవరూ అతన్ని అలా అనుమానించలేదు. గొట్టం బిగించాడు. నూనెనీళ్లు సరిగా పడుతున్నాయని చూసుకున్నాడు. పనిముట్లు సర్దుకుని, ఇకమీదట వేరే మనిషిని పిలిపించుకోమని చెప్పి గుమ్మం వైపు నడిచాడు.

"అతన్నేమీ అనకు అమ్మడూ. నేనే చేశాను."

లోపలి గుమ్మంలో పెద్దావిడ నిలబడి ఉంది. మొదటిసారి మిషన్ నిజంగానే చెడిందట. బెల్టు జరిపిందీ, గుడ్డ కుక్కిందీ మాత్రం తనేనట. ఏ భాగం ఎక్కడుందో ఇన్నేళ్లుగా చూస్తున్నదేగా అంది. ఎందుకు చేశావని ఆమె రెట్టించి అడిగితే, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఐదేళ్లుగా ఈ ఇంట్లో నవ్వు వినలేదు. ఆ రోజు విన్నాను. మళ్లీ వినాలనిపించింది." ఇద్దరి వైపూ చూసింది. "మీరిద్దరూ నోరు విప్పేలోపు నేనింకా ఎన్ని పాడుచేయాలో ఏమో."

ఆ మాట అనేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె తల దించుకుని అతనికి క్షమాపణ చెప్పింది. మెకానిక్ పనిముట్ల పెట్టె మెల్లగా కింద పెట్టాడు. కూతురు సుఖపడాలని ఏ తల్లికైనా ఉంటుంది కదా, మీ అమ్మగారి మీద కోప్పడకండి అన్నాడు.

ఆమె లోపలి గుమ్మం వైపే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఆవిడ మా అత్తగారండీ."