జీడికి ఎండ

“శాలువా తీసీయే. జీడి గోళ్ళు సిక్కుకుంతాయి,” వంటింట్లోంచి కేకేశాడు ముసలయ్య.

నూకాలమ్మ సణుగుతూనే శాలువా తీసి దండెం మీద పడేసింది. జాకెట్టు చేతులు పైకి మడిచి, ఒళ్ళో పిల్లిని సర్దుకుంది. అగ్రికో కాలనీలోని తమ క్వార్టర్ వెనక పెరట్లో పొద్దు బాగా ఎక్కి ఎండ చురుక్కుమంటోంది. వేయించిన జీడిపప్పు రంగు కాబట్టి దాని పేరు జీడి. నూకాలమ్మ ఒడిలో తప్ప ఇంకెక్కడా నిలవదు.

ఈ భోగం దసరా వెళ్ళాక మొదలైంది. గోడ దూకబోయి కాలు మెలిపడి, జీడి మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చింది. దాన్ని చూసి నూకాలమ్మకు ముద్ద దిగలేదు. ముసలయ్య దాన్ని సంచీలో పెట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. కాళ్ళు లాగుతున్నాయని నూకాలమ్మ పరీక్షకి రక్తం ఇచ్చొచ్చిన ఆస్పత్రీ ఆ దారిలోనే ఉంది. అక్కడ కూడా కనుక్కుని వస్తానంటే, “నాకేటి రోగం? ముందు పిల్లి సంగతి సూడు,” అని కసిరిందామె.

తిరిగొచ్చి గుమ్మంలోనే చెప్పాడు. “నీ రక్తం బాగుందంట. పిల్లికే డి విటమిన్ తక్కువంట. రోజూ ఎండ తగలకపోతే ఎముకలు గుల్లయిపోతాయంట.”

అంతే. తనకోసం ఏనాడూ పొయ్యి వదలని మనిషి, పిల్లి కోసం పెరట్లో పీట వేసుక్కూర్చుంది. చేపల కూర వండినప్పుడు తన వంతు ముక్క జీడికి వేసి, తను పులుసుతో సరిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. దానికీ డాక్టరు పేరు చెప్పి అడ్డుకట్ట వేశాడు ముసలయ్య. ముందు ఆమె తినాలట, అది చూస్తేనే పిల్లికి ఆకలి పుడుతుందట. పొద్దుటి వంట ఆయనే చేస్తున్నాడు. అన్నం మాడినా నోరెత్తకుండా తినేది, జీడి బాగుంటే చాలని.

మాఘం వచ్చేసరికి జీడి గోడలెక్కి ఉడతల్ని తరుముతోంది. డాక్టరుకు ఓ దండం పెట్టి రావాలనిపించింది నూకాలమ్మకు. ముసలయ్య బజారుకెళ్ళిన పూట చూసి, పిల్లిని చంకనేసుకుని బయల్దేరింది.

ఆమె చెప్పిందంతా విని డాక్టరు నవ్వుతూ హిందీలో అడిగాడు, ఎండ మాట ఎవరు చెప్పారమ్మా అని. పిల్లి చర్మం ఎండతో ఆ విటమిన్ చాలినంత తయారుచేసుకోలేదట. చేప, కార్జం, గుడ్డు పచ్చసొన, ఇలా తినే తిండిలోంచే దానికి అందాలట. ఎండలో పడుకునేది వెచ్చదనం కోసమేనట.

దారంతా నూకాలమ్మ బుర్ర కుతకుతలాడింది. ఎండ అక్కర్లేని పిల్లిని అడ్డం పెట్టి తనను రోజూ పెరట్లోకి తోలడమెందుకు? వంటింట్లో ఒంటరిగా ఏం వెలగబెడుతున్నట్టు? బీడీ! మానేశానని తన నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేసిన బీడీ.

విసురుగా వంటింట్లోకి వచ్చి గాలి పీల్చి చూసింది. మాడిన అన్నం వాసన తప్ప ఇంకేం లేదు. బజారునుంచి వచ్చిన ముసలయ్య గిన్నె తోముతున్నాడు.

“బీడీలెక్కడ దాసినావు?”

“బీడీలేటే?”

“డాక్టరు దగ్గిర్నించే వత్తన్నాను. పిల్లికి ఎండతో పనే లేదంట. ఇన్నాళ్ళూ నన్నెందుకయ్యా ఎర్రిదాన్ని సేసి కూకోబెట్టినావు?”

ముసలయ్య గిన్నె కింద పెట్టాడు. “అంత దూరం నడిసే ఎల్లినావా?”

“నడిసే ఎల్లినాను, నడిసే వచ్చినాను. మాట మార్సకు.”

ఎండకు నల్లబడిన ఆమె ముంజేతుల కేసి చూసి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “ఆ రోజు ఇద్దరు డాక్టర్లు సెరో మాటా సెప్పినారే,” అన్నాడు మెల్లగా.

గిన్నె మళ్ళీ అందుకున్నాడు. “దార్లో ఆటిని తారుమారు సేసేసినాను.”