మూడు నల్ల వైర్లు

"ముందు ప్రొపెల్లర్ తీసెయ్. చేతికి అయిదు వేళ్ళున్నాయి కదా అని ధీమా పనికిరాదు," అన్నాడు నాన్న.

"తీసేశాను నాన్నా. నువ్వు మాట్లాడకూడదు. రూలు!" అంది గువ్వ.

నాన్న రెండు చేతులూ పైకెత్తి కుర్చీలో వెనక్కి వాలాడు.

రూలు నిజమే. విమానాల క్లబ్బులో పిల్లల జట్టుకి ఒక్క చోటే మిగిలింది. ఈ ఉదయం ఎవరి విమానం చక్కగా ఎగిరితే ఆ చోటు వాళ్ళది. అయితే విమానాన్ని పిల్లలే సొంతంగా సిద్ధం చేసుకోవాలి. ఇంట్లోవాళ్ళు వేలు పెట్టకూడదు.

గువ్వకి ఆ చోటు కావాలి. నలుగురిలో నోరు పెగలని పిల్ల తను. మైదానంలో ఆ బెంగ లేదు. అక్కడ అందరూ తలెత్తి ఆకాశంలోకే చూస్తారు. తన మొహంలోకి ఎవరూ చూడరు.

బల్లకి ఈ చివర విమానం. ఆ చివర అమ్మ కుట్టుమిషను. మధ్యలో అమ్మ కత్తిరించి పెట్టుకున్న చొక్కా కాగితాలు. పక్కగదిలో అక్క కొడుకు నిద్రపోతున్నాడు. అక్క వాణ్ణి అమ్మకి అప్పగించి డ్యూటీకి వెళ్ళింది.

గువ్వ రిమోట్ మీది స్టిక్‌ని పైదాకా తోసి బ్యాటరీ తగిలించింది. మోటారు 'బీప్ బీప్' అంది. వెంటనే స్టిక్ కిందికి లాగింది. మళ్ళీ కొన్ని బీప్‌లు, చివర్లో పొడుగాటిది ఒకటి. స్టిక్ ఎక్కడుంటే ఎంత వేగమో స్పీడ్ కంట్రోలర్‌కి ఒంటబట్టింది.

బ్యాటరీ తీసి ప్రొపెల్లర్ బిగించింది. విమానాన్ని బల్లకేసి అదిమిపట్టి, మళ్ళీ బ్యాటరీ తగిలించి, స్టిక్ కాస్త పైకి జరిపింది. బుర్రుమంది. విమానం ముక్కు ముందున్న చొక్కా కాగితాలన్నీ లేచి వెళ్ళి అమ్మ మొహాన పడ్డాయి. పసివాడు కెవ్వుమన్నాడు.

అమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసింది.

"వాణ్ణి పడుకోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చిందే! ఇంకోసారి ఆ బీపులు వినబడ్డాయంటే నీ విమానం ఆ కిటికీలోంచి ఎగురుతుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు."

"అయిపోయిందిలేవే. భలే తిరిగింది," అన్నాడు నాన్న.

"తిరిగితే తిరిగింది. నాకీ విమానాల గోల తెలీదు, తెలియక్కర్లేదు," అంటూ అమ్మ పసివాణ్ణి జోకొట్టడానికి వెళ్ళింది. నాన్న స్కూటర్ బయటికి తీయడానికి లేచాడు.

గువ్వ మాత్రం ఎగిరిపోయిన కాగితాలకేసి చూసింది. గాలి తోకవైపు రావాలి. ముందుకి కొట్టిందంటే మోటారు తిరగబడి తిరుగుతోందన్నమాట. ఇందాక నాన్న నోరు మూయించి, ఇప్పుడు 'తప్పయింది' అని చెప్పాలంటే చచ్చేంత సిగ్గు.

మందు చిన్నదే. మోటారుకీ కంట్రోలర్‌కీ మధ్య మూడు వైర్లుంటాయి. ఏ రెండిటిని అటూ ఇటూ మార్చినా చాలు, మోటారు రెండోవైపు తిరుగుతుంది. ఆ పాఠాన్ని కొన్నాళ్ళుగా ఇల్లంతా వినేలా బట్టీపట్టింది తనే. మూడూ నల్లవే. మార్చినా ఎవరికీ తెలీదు.

బ్యాటరీ పీకి గబగబా మార్చేసింది. తిప్పి చూద్దామంటే అమ్మ చెప్పిన కిటికీ తెరిచే ఉంది. విమానం మూత బిగించి స్నానానికి పరిగెత్తింది.

మైదానానికి అమ్మ కూడా వచ్చింది, పసివాణ్ణి భుజానేసుకుని. "వీడికి కాస్త గాలి తగులుతుందని వచ్చాను. మీ విమానం కోసమేం కాదు," అని ముందే చెప్పేసింది.

అందరికన్నా చివరిదైన గువ్వ వంతు దగ్గరపడింది. నాన్న గువ్వ చెవి దగ్గరికి వంగాడు.

"ఒక మాట చెప్తాను, తిట్టకూడదు."

"ఏంటి?"

"ఇంట్లో మోటారు తిరగబడి తిరిగింది. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు రెండు వైర్లు మార్చేశాను."

"నాన్నా! నేనూ మార్చేశాను!"

నాన్న మొహం పాలిపోయింది. ఒకసారి మారిస్తే సరి. రెండోసారి మారిస్తే మళ్ళీ మొదటికే.

"పసుపు రెక్కల విమానం ఎవరిది? రామ్మా!" క్లబ్బు మాస్టారు కేకేశాడు.

గువ్వ మైదానంలో గీసిన సున్నపు గీత దగ్గరికి నడిచింది. అంతమందిలో నోరు తెరవడం అదే మొదలు. "మాస్టారూ, మోటారు ఒక్కసారి చూసుకోనా?"

"ఇక్కడికొచ్చాక ముట్టుకోకూడదు తల్లీ. ఎగరెయ్."

బ్యాటరీ తగిలించింది. బీప్‌లు మోగాయి. విమానాన్ని తలపైకి ఎత్తింది. ఇక తోకముందుగా తన మీదికే వస్తుంది, అందరూ పగలబడి నవ్వుతారు. కళ్ళు గట్టిగా మూసుకుని స్టిక్ పైకి తోసింది.

గాలి మొహాన కొట్టింది! జడ వెనక్కి ఎగిరింది. పలుపు తాడు విప్పమని గింజుకునే లేగదూడలా విమానం చేతిని ముందుకి లాగింది. వదిలేసింది.

పసుపు రెక్కలు ఎండలో మెరుస్తూ పైకి లేచాయి. మైదానం చుట్టూ తీరిగ్గా ఓ చుట్టు చుట్టి, గడ్డి మీద మెత్తగా దిగాయి.

"వచ్చే వారం నుంచి జట్టుతో రామ్మా," అన్నాడు మాస్టారు.

గువ్వ ఎగురుకుంటూ వచ్చి నాన్న మీద పడింది. "నువ్వు మార్చలేదు నాన్నా! మార్చాననుకున్నావంతే."

"నా చేతులతో మార్చానే! నువ్వే కంగారులో తీసినవి తీసినచోటే పెట్టుంటావు."

"నేనా? కళ్ళకి గంతలు కట్టినా మారుస్తాను!"

అమ్మ పసివాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ, "మీరిద్దరూ ఆ పని చేసే ఉన్నారని తెలిసుంటే, వీడు నిద్రపోగానే మునివేళ్ళ మీద వచ్చి ఆ వైర్లు నేనెందుకు మార్చేదాన్ని?" అంది.