ముక్కాలి పీట

"అది కొనకు బాబూ."

డెల్మర్ వెనక్కి తిరిగి చూశాడు.

మేవిస్ కొట్లో మునుపెన్నడూ చూడని ముసలాయన. కళ్లకింద నల్లటి గుంటలు. నిద్రపోయి ఎన్నాళ్లయిందో అన్నట్టున్నాడు.

"దీనికేమొచ్చింది?"

డెల్మర్ చేతిలో ముక్కాలి పీట ఉంది. మడిస్తే చంకలో ఇమిడిపోతుంది. కూర్చుంటే చప్పుడు లేకుండా చుట్టూ తిరుగుతుంది.

"ఎత్తెక్కువ. దానిమీదైతే బయలు మధ్యన కూర్చోబుద్ధవుతుంది. ఇదిగో, ఈ పొట్టి పీట తీసుకో. నడుం నొప్పెట్టి ఏ బండకో చేరగిలబడతావు. వీపు భద్రంగా ఉంటుంది."

"నేను వెళ్లేది నక్కల వేటకి తాతా, కునుకు తీయడానికి కాదు."

గల్లా దగ్గర కూర్చున్న మేవిస్ కిసుక్కున నవ్వింది.

"దెబ్బతిన్న కుందేలులా ఈలేసి పిలుస్తావు కదా? అంతసేపూ నువ్వే కుందేలువి. నక్కలే వస్తాయనుకోకు," అన్నాడు ముసలాయన.

డెల్మర్‌కి ఆ జాడ గుర్తొచ్చింది.

మొన్న కంచె పక్కన మంచులో ఒక అడుగుజాడ చూశాడు. అరచెయ్యంత ఉంది. పిల్లి అడుగులా గోళ్ల గుర్తులు లేవు. నక్కది కాదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పెళ్లాం గుమ్మం దాటనివ్వదు. దాటకపోతే గొర్రెపిల్లలు మిగలవు. ఈ వారం పుట్టినవాటిలో సగం నక్కల పాలయ్యాయి.

ఆ భయమే కోపమై బయటికొచ్చింది. పీట తిరగేసి, అడుగున రేకు మీద కొట్టిన పేరు చూపించాడు.

"టిన్స్‌లీ. చదువు! చేసినవాడికి తెలియనిది నీకు తెలుసా?"

ముసలాయన ఆ పేరును వేలితో తడిమాడు.

"రేపు ఎటు వెళ్తున్నావు నాయనా?" అన్నాడు.

"ఎర్రబండల అవతలికి. ఏం, వచ్చి జోకొడతావా?"

తెల్లారేసరికి డెల్మర్ బయలు మధ్యన, పీట మీద, ఒళ్లో తుపాకీతో ఉన్నాడు. ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు.

చచ్చిపోతున్న కుందేలు ఏడుపు. ఊదినవాడికే ఒళ్లు గగుర్పొడిచింది.

పది నిమిషాలు గడిచాయి. నక్క జాడ లేదు.

పొదల్లో పిట్టలు ఒక్కసారిగా నోళ్లు మూశాయి.

వెనకాల మంచు కరకరలాడింది.

కదిలితే, వచ్చే నక్క పారిపోతుంది. ఓరకంట చూశాడు. దూరంగా దారిమీద పాత పికప్ బండి. నిన్న కొట్టు ముందు నిలిపి ఉన్నదే.

'ముసలాడు! నిజంగానే వెంటపడ్డాడు.'

తిట్టుకుంటూనే ఊపిరి వదిలాడు. మళ్లీ ఊదాడు.

మళ్లీ అడుగుల చప్పుడు. ఎడమ వైపు ఒకటి. కుడి వైపు ఇంకొకటి, చాలా మెత్తగా.

మనిషి ఒక్కడే కదా?

తల తిప్పాలనుకున్నాడు. మెడ మాట వినలేదు.

"వెనకాల, బాబూ!"

పీట గిర్రున తిరిగింది.

ముసలాయన చేతులు బారజాపి అతనికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన మీదికి అప్పటికే కొండసింహం గాల్లోకి లేచింది.

డెల్మర్ రెండుసార్లు కాల్చాడు. మృగం పడింది. కానీ దాని పంజా దెబ్బకి ముసలాయన అంతకుముందే పడిపోయాడు.

మెడ దగ్గర మంచు ఎర్రబడుతోంది. చేతికందే దూరంలో నిన్నటి పొట్టి పీట, మేవిస్ కొట్టు చీటీ ఇంకా ఊడలేదు.

"నీకే తెచ్చాను," అన్నాడు. "బండకి ఆనుకుని కూర్చో నాయనా."

మరి మాట్లాడలేదు.

షెరీఫ్ వచ్చి పికప్ మీద కప్పిన టార్పాలిన్ తొలగించాడు. కింద ముప్పై దాకా ముక్కాలి పీటలు. అన్నిటి కాళ్లూ రంపంతో కోసి ఉన్నాయి.

ఒక్కటి మాత్రం కోయలేదు. దాన్ని ముసలాయన దుప్పటిలో చుట్టి ముందు సీట్లో పెట్టుకున్నాడు. పీట గుడ్డ మీద పాత నెత్తుటి మరక. దారంతో కట్టిన అట్టముక్క మీద వంకర అక్షరాలు: 'మా అబ్బాయిది. చివరి రోజు.'

"ఊరూరా తిరిగి ఇవే కొన్నట్టున్నాడే!" అంటూ షెరీఫ్ ముసలాయన జేబులోంచి లైసెన్సు తీసి చదివాడు. "ఆర్లో టిన్స్‌లీ. నీకు తెలిసినాయనేనా?"

డెల్మర్ తన పీట తిరగేసి, అడుగున ఉన్న ఆ పేరును షెరీఫ్‌కి చూపించాడు.