దోమల వియ్యం

వానలు మొదలవగానే ఏజెన్సీలో ప్రతి ఊరికీ మగదోమల పెట్టె వస్తుంది. అవి కుట్టవు. ఊళ్లోని ఆడదోమలతో జతకడితే పుట్టే దోమలు మలేరియాను మోయలేవు. ఆ పెట్టెలు తెచ్చి విడిచే ఉద్యోగం కిల్లో సుక్రిది. దోమ వంశాలకు ఆఫీసువాళ్లు పెట్టిన నంబర్లు ఎవరికీ గుర్తుండక, కొండ జనం వాటికి తమ ఇంటిపేర్లే పెట్టుకున్నారు.

ఓ ఊళ్లో సుక్రి పెట్టె మూత తియ్యబోతుంటే పాంగి దాలమ్మవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈళ్ల ఇంటిపేరేటి?"

"కొర్రావాళ్లు అవ్వా."

"నిరుడు నువ్వు ఇడిసినోళ్లూ కొర్రావోళ్లే గదే! ఆళ్ల కూతుళ్లే ఇప్పుడు గెడ్డకాడున్నాయి. అన్నాసెల్లెళ్లకి పెళ్లి సేత్తావేటి?"

సుక్రికి నవ్వొచ్చింది. అయినా గెడ్డ నీళ్ల దగ్గర ఓ దోమను పట్టి, వంశం చెప్పే యంత్రంలో పెట్టి చూసింది. అదీ కొర్రాదే. నవ్వు ఆగిపోయింది. ఒకే వంశంలో జతకడితే పిల్లలు నీరసించి చస్తాయి. అప్పుడు పక్క కొండల జ్వరం దోమలొచ్చి ఊరంతా తమదే అంటాయి.

రెండు కొండలు ఎక్కి దిగి, పొద్దువాలేసరికి వేరే పెట్టె తెచ్చింది.

"మరి ఈళ్లో?"

"కిల్లోవాళ్లు."

"అయితే నీ తమ్ముళ్లే! మగపెళ్లోరి మనిసివి నువ్వే. పెళ్లి ఇందు నువ్వే ఎట్టాల."

మూత తియ్యగానే పెళ్లికొడుకులు గుయ్యిమంటూ గెడ్డవైపు బయల్దేరారు. అంతలో సుక్రి మోచేతి మీద చురుక్కుమంది. కొడదామని చెయ్యెత్తింది.

"ఆగే!" అని అరిచింది అవ్వ. "కుట్టిందంటే ఆడదే. కాబోయే మరదల్ని కొడతావేటే?"