దళవాయి చెప్పిన యుద్ధనీతి

దళవాయి మల్లినాయుడు తన కొంప ముంచినాడని కుళ్ళాయప్ప పెనుకొండలో చెప్పుకోని మనిషి లేడు. విన్నవాళ్ళెవరూ జాలిపడలేదు. దళవాయిని ఒక్క మాటంటే పడే ఊరు కాదది.

ఒక కాలంలో రెండువేల మంది సిపాయిలను నడిపినోడు దళవాయి. ఆయన పేరు అటు ధర్మవరం, ఇటు హిందూపురం దాకా తెలుసు. అంత పెద్దమనిషికి పెనుకొండలో ఇంకో ఇల్లే లేనట్టు, మంగళవారం పొద్దు వాలితే చాలు, కుళ్ళాయప్ప ఇంటికే వచ్చేవాడు. ఊరికే వచ్చేవాడా? ఒక కోడిపుంజు, ఒక ముంత కల్లు ఉండాల్సిందే. కుళ్ళాయప్ప పెండ్లాం యల్లక్క మంగళవారం పొయ్యి ముట్టదు. కోడిని కోసేది, కూర చేసేది, వడ్డించేది అన్నీ కుళ్ళాయప్పే. దళవాయి ఎముకలు కూడా నమిలి ఉమ్మేవాడు. కుళ్ళాయప్పకు మెడకాయ కూడా మిగిలేది కాదు.

అది యుద్ధకాలం. జపానోడు రంగూను పట్టినాడని, రేపో మాపో మద్రాసుకు వస్తాడని, స్టేషన్లో రైలు ఆగినంతసేపట్లో పది పుకార్లు దిగేవి. జనం అవన్నీ మోసుకొచ్చి దళవాయి ముందర పోసేవాళ్ళు.

"ఎవరు గెలుస్తారు దొరా? ఇంగిలీషోడా, జర్మనీవోడా?"

"ఎవడు గెలిచినా ఇస్తరాకులెత్తేది నువ్వేలేరా."

పక్కింటి కదిరప్ప కొడుకు మిలిట్రీలో చేరతానని ఎగురుతున్నాడు. కదిరప్ప చేతులు కట్టుకుని అడిగినాడు.

"పంపమంటావా దొరా?"

"జీతం ముందిస్తారా, నెల నిండినాకనా?"

"నెల నిండినాకే దొరా."

"అయితే వద్దు. సేనాపతి లెక్కలో సిపాయి నెలాఖరు దాకా బతకడు. నేనూ అట్లే లెక్కేసేటోణ్ణి."

"మరి శౌర్యం, దొరా?" అన్నాడు వెనకనుంచి ఎవడో.

"ముందర శత్రువు, వెనక నేను. వాళ్ళకు నేనంటేనే ఎక్కువ భయం. అందుకే ముందుకు పోయినారు. దాన్ని పాటగాళ్ళు శౌర్యమని పాడుకున్నారు. గెలుపు కూడా అంతేరా. రెండు పక్కలా పారిపోతాంటే, రవ్వంత ఆలస్యంగా పారిపోయినోడు గెలిచినోడు."

కుళ్ళాయప్పకు ఈ యుద్ధాలతో పని లేదు. అతని మనసంతా లాల్‌సాబ్ బస్సు మీద ఉంది. పెట్రోలు దొరకని రోజులు. ధర్మవరం లాల్‌సాబ్ బస్సు వెనక బొగ్గుల పొయ్యి బిగించి, ఆ పొగతోనే హిందూపురం దాకా తోలుతున్నాడు. భాగస్తుడి కోసం చూస్తున్నాడు. కుళ్ళాయప్పకు బావి కింద నేల ఉంది. అమ్మితే సగం బస్సు వస్తుంది.

"మిట్ట వస్తే అందరూ దిగి నూకాల్నంట గదా ఆ బస్సును," అంది యల్లక్క.

"నూకేది టిక్కెట్టు కొన్నోళ్ళు. మనం గాదు."

"గొర్రెల మంద అమ్మి శెనక్కాయల యాపారం చేస్తివి. యాడుండాది ఇప్పుడా మంద? యాడుండాయి శెనక్కాయలు?"

"బస్సు గొర్రె గాదే!"

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. మంగళవారం దళవాయినే అడుగు. ఆయన ఎట్లంటే అట్లే."

కుళ్ళాయప్ప సంబరపడినాడు. మగోడి కష్టం మగోడికి తెలియదా? అందులోనూ కత్తి పట్టినోడు, తెగువ విలువ ఎరిగినోడు. ఆ మంగళవారం ఒకటి కాదు, రెండు కోళ్ళు కోసినాడు.

వీధి వీధంతా వచ్చి కూర్చున్నాక సంగతి ఎత్తినాడు. దళవాయి కల్లు ముంత కింద పెట్టినాడు.

"బొగ్గు తినే బండా?"

"అవును దొరా. గుర్రం కంటే బిరబిరా పోతాది."

"కోటను చుట్టుముట్టినప్పుడు గింజలైపోతే గుర్రాన్ని కోసుకుని తిన్నాం. నీ బండి చస్తే ఏం తింటావురా?"

జనం గొల్లుమన్నారు. కుళ్ళాయప్ప చెవులు ఎర్రబడినాయి.

"అది గాదు దొరా, లాభం..."

"నోరు ముయ్! నేల ఇడిసిపెట్టి పారిపోయే సిపాయిని నేనేం చేసేటోణ్ణో తెలుసునా? నీ చేతిలో నేలుంటే కోతి చేతిలో కొబ్బరికాయ. పెండ్లాం పేరున రాసెయ్. శుక్రవారం లోపల."

"దొరా! నా బస్సు..."

"రాయకుంటే వచ్చే మంగళవారం మళ్ళీ మాట్లాడుకుందాం," అంటూ దళవాయి రెండో కోడి తొడ అందుకున్నాడు.

తెల్లారినాక యల్లక్క చేట పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమన్నాడు దళవాయి?"

"ఏమంటాడు? నేల నీ పేరున రాయమన్నాడు."

"అయ్యో, నాకెందుకు నేల!" అని యల్లక్క నోరు నొక్కుకుంది. "అయినా పెద్దాయన మాట. కాదంటే బాగుండదు."

దళవాయి మాట దాటిన ఇంట్లో పొయ్యి వెలగదంటారు. కుళ్ళాయప్ప రెండు పూటలు దాటి చూసినాడు. వెలగలేదు.

శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకు పోయినాడు. రిజిస్ట్రారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. కాగితం చదివి, కళ్ళద్దాలు పైకి నెట్టి, కుళ్ళాయప్పను ఎగాదిగా చూసినాడు.

"బతికుండగానే ఉన్నదంతా పెళ్ళానికి రాసిస్తున్నావు. ఎవరయ్యా చెప్పింది?"

"దళవాయి మల్లినాయుడు సార్."

"పేరున్న మనిషిలాగే ఉన్నాడు. ఆయన్నే పిలుచుకురా. సాక్షి సంతకం చేస్తాడు."

దళవాయి కోటగోడ మీద చచ్చి మూడు వందల ఏండ్లయిందని, మంగళవారం మంగళవారం యల్లక్కకు పూనకమై ఆమె నోటితోనే తిని, తాగి, మాట్లాడిపోతాడని ఆ గుంటూరాయనకు ఎట్లా చెప్పాలో తెలియక, కుళ్ళాయప్ప సిరాలో బొటనవేలు ముంచి ఆమె పేరున పోగొట్టుకున్నది మూడెకరాల నలభై రెండు సెంట్లు.