చిప్స్ కొట్టు ముందు క్యూ

“నాన్నకి ఏమాత్రం అనుమానం రాకూడదు ఆంటీ. మొహంలో కూడా కనపడనివ్వద్దు,” అంది జూలీ, వార్డు తలుపుకి అడ్డంగా నిలబడి.

ఆ మధ్యాహ్నం మాల్కమ్ కడుపు కోసి చూసిన సర్జన్, చేయగలిగిందేమీ లేదని మళ్ళీ కుట్టేసి, బయటికొచ్చి కూతురికి చెప్పి వెళ్ళాడు. మాల్కమ్ అప్పటికింకా మత్తులోనే ఉన్నాడు. రేపు పొద్దున్న ఆబర్డీన్ నుంచి కొడుకు వచ్చాక, పిల్లలిద్దరి ముందూ సర్జనే ఆయనకి చెబుతాడు. ఈ ఒక్క రాత్రయినా తండ్రి నిశ్చింతగా నిద్రపోవాలని జూలీ ఆరాటం.

“మరి నన్నెందుకు లోపలికి పంపడం?” అంది బ్రెండా.

“లేవగానే మీ గురించే అడిగారు. ఇవాళ శుక్రవారం కదా! మీరు రాకపోతేనే అనుమానం వస్తుంది. ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, చాలు.”

ఇంగ్లండ్‌లోని చేపల రేవు గ్రిమ్స్‌బీలో శుక్రవారమంటే పబ్బు మేడ మీద ఫిల్మ్ క్లబ్బు. అక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది సినిమా కోసం కాదు, సినిమా అయ్యాక బ్రెండా, మాల్కమ్ పోట్లాడుకుంటుంటే చూడ్డానికొస్తారు. బ్రెండా లిప్‌స్టిక్ సరిచేసుకుంది. చర్చి హాల్లో నాటకాలాడిన మనిషి, మొహాన్ని ఎలా పట్టి ఉంచాలో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు.

“వచ్చావా మహాతల్లీ! ద్రాక్షపళ్ళు తెచ్చావా, ఒట్టి ఉపన్యాసమేనా?” అన్నాడు మాల్కమ్, దిండు మీద నుంచి తల ఎత్తకుండానే.

“రెండూ తెచ్చా. పళ్ళు పుల్లగా ఉన్నాయి. ఉపన్యాసం ఇంకా పులుపు.”

“మత్తు ఇచ్చేముందు ఏదైనా మంచి విషయం తలుచుకోమంది ఆ డాక్టరమ్మ. ఏం తలుచుకున్నానో చెప్పుకో చూద్దాం!”

“ఇంకేముంది? ఆ దిక్కుమాలిన శవపేటిక సీను.”

వాళ్ళ గొడవంతా ఆ సీను మీదే. అదో పాత నలుపు తెలుపు సినిమా. ఆ ఊరి రేవులోనే ఓ ముసలాయన భార్యని పాతిపెట్టడానికి తీసుకెళ్తుంటాడు. ఎత్తు మీద కారు ఆగిపోతుంది. కొడుకులు దిగి నెడుతుంటే పట్టు తప్పుతుంది. శవపేటికతో సహా కారు వెనక్కి దొర్లుకుంటూ, చిప్స్ కొట్టు ముందున్న క్యూ పక్కనుంచి పోతుంది. క్యూలో మగవాళ్ళంతా శవానికి మర్యాదగా టోపీలు తీసి నిలబడతారు. ఒక్కడూ క్యూ వదిలి రాడు. ముసలాయన కారు వెంట పరిగెడుతూనే ఉంటాడు.

“క్రూరత్వం!” అంది బ్రెండా, కుర్చీ లాక్కుంటూ. “పెళ్ళాం శవం వెంట మనిషి పరిగెడుతుంటే జనాన్ని నవ్వమంటాడా? మనబోటి వాళ్ళని చూసి నవ్వడానికి లండన్ నుంచి కెమెరా మోసుకొచ్చాడు వాడు.”

“ఎవడు నవ్వమన్నాడే? నవ్వు దానంతటదే వస్తుంది. వచ్చాక సిగ్గేస్తుంది. ఆ సిగ్గు కోసమే తీశాడు మొనగాడు!”

“మన సినిమాలన్నీ ఇంతే. వాన, చెమ్మెక్కిన గోడలు, పని పోయిన మొగుడు, చల్లారిన టీ. అది చాలనట్టు దాని మీదో జోకు.”

“హాలీవుడ్ వాడికిచ్చి చూడు. ఎవడో కుర్రాడు పరిగెత్తుకొచ్చి కారుకి అడ్డం పడేవాడు. వెనక వయొలిన్లు మోగేవి. నువ్వు రుమాలు తడుపుకుని, ఇంటికెళ్ళేలోపు మర్చిపోయేదానివి. ఈ సీను మర్చిపోయావా? చచ్చినా మర్చిపోవు!”

“పీడకల కూడా మర్చిపోలేం. అయితే అదీ గొప్పదేనా?”

మాల్కమ్ పకపకా నవ్వబోయి, పొట్ట పట్టుకున్నాడు. “నవ్వించకే, కుట్లు లాగుతున్నాయి! ఇక్కణ్ణుంచి బయటపడనీ. వచ్చే శుక్రవారం అందరి ముందూ నీ పని పడతా.”

వచ్చే శుక్రవారం అనేసరికి బ్రెండా ద్రాక్షపళ్ళ సంచీ తీసి మంచం పక్కన పెట్టింది. మొహం చెదరనివ్వలేదు. దుప్పటి మీద ఆయన చెయ్యి కనబడింది. వాదనలో బల్ల గుద్దే చెయ్యి. ఇవాళ సూది గుచ్చిన చోట కమిలిపోయి ఉంది. ఈ మనిషంటే తనకింత ఇష్టమని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే అంతా బయటపడిపోతుంది. కనీసం ఈ పోట్లాటలో గెలిచి వెళ్ళనీ అనుకుంది.

“మాల్కమ్, ఒక మాట. నువ్వన్నదే నిజం.”

“ఏది?”

“ఆ సీను. అది క్రూరత్వం కాదు. పాపం, వాళ్ళకి ఏడవడం చేతకాదు, ఓదార్చడమూ చేతకాదు. చేతనైంది టోపీ తీయడం, అది తీశారు. అందరూ వెంటబడితే ఆ ముసలాయన ఇంకా సిగ్గుతో చచ్చిపోతాడని కదల్లేదు. మన ఊరి జనాన్ని అంతగా ప్రేమించిన వాడే అలా తీయగలడు. అంత గొప్ప సీను ఇంకెక్కడా లేదు. ఇన్నాళ్ళూ నేనే మొండికేశాను.”

ప్రతి మాటా మనసులోంచే వచ్చింది. గొంతు వణకలేదు, కళ్ళు తడవలేదు. తలుపు దగ్గర నిలబడ్డ జూలీ, అమ్మయ్య అన్నట్టు చిన్నగా తలూపింది.

మాల్కమ్ కళ్ళజోడు తీసి, దుప్పటి అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నాకు ఇంకెన్నాళ్ళని చెప్పాడు, డాక్టరు?” అన్నాడు.